మార్కుల కాగితంలో మూడు గడులు: బొమ్మ చూసేవాళ్ల తీర్పు మీద ఒక కేస్ స్టడీ

స్కూలు పిల్లల చిత్రలేఖనం పోటీల్లో న్యాయనిర్ణేతల చేతికి ఒక కాగితం ఇస్తుంటారు. అందులో మామూలుగా ఉండేవి మూడు గడులు: విషయం, నైపుణ్యం, భావం. ఒక్కోదానికి ఇన్ని మార్కులని ఉంటుంది. మూడూ కూడి, ఎక్కువ వచ్చినవాళ్లకి మొదటి బహుమతి ఇస్తారు. ఈ కొలతల్ని నేను తప్పుపట్టను. చదువుకున్నవాళ్లైనా, చదువుకోనివాళ్లైనా బొమ్మ ముందు నిలబడితే అడిగేది ఈ మూడే. ఇది ఏం బొమ్మ? ఎంత బాగా వేశారు? చూస్తే మనసుకి ఏమైనా తగిలిందా? చిక్కంతా ఆ మూడింటినీ మూడు వేరు వేరు సంగతులనుకుని విడివిడిగా మార్కులు వేయడంలో ఉంది. అది ఎలాంటి చిక్కో, ఒక టీచర్ల బృందంతో పనిచేసినప్పుడు నాకు దగ్గర్నుంచి కనిపించింది. ఆ అనుభవాన్ని మొదటి నుంచి చివరి దాకా రాస్తున్నాను. పిల్లల్ని, బడుల్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

నేను డ్రాయింగ్ టీచరుగా పనిచేసినవాణ్ని. ఇప్పుడు టీచర్లకి, మ్యూజియంకి వచ్చే బృందాలకి బొమ్మలు చూడడం మీద వర్క్‌షాపులు నడుపుతున్నాను.

గొడవ ఎక్కడ మొదలైంది

ఆ బృందంలోని టీచర్లు మార్కులు వేసిన ఒక పోటీలో ఇచ్చిన అంశం ‘నాకు స్ఫూర్తినిచ్చిన వ్యక్తి’. చివరికి రెండు బొమ్మలు మిగిలాయి.

మొదటిది అబ్దుల్ కలాం. పెన్సిల్ షేడింగ్. ఫోటో మీద గళ్లు గీసి, ఆ గళ్ల లెక్కన పెద్దది చేసి వేసిన బొమ్మ. జుట్టు పాయలు పాయలుగా, కళ్లలో మెరుపు చుక్కతో సహా కుదిరింది. రెండోది క్రేయాన్లతో వేసిన వంటిల్లు. పొయ్యి ముందు నిలబడ్డ అమ్మ, వెనక నుంచి. వీపు, జారుముడి, నడుముకి దోపిన చీర కొంగు కనిపిస్తాయి. జారుముడి పైన కాగితం అయిపోయింది, అక్కడే తల తెగిపోయింది. ముందు వైపు, దాదాపు కాగితంలో మూడో వంతు, ఒక ఖాళీ కంచం.

కలాం బొమ్మకి విషయంలో నిండుగా మార్కులు పడ్డాయి. నైపుణ్యంలోనూ అంతే. అమ్మ బొమ్మకి విషయంలో తగ్గాయి, “అమ్మ అందరికీ ఉంటుంది కదా” అని. తల పట్టలేదని నైపుణ్యంలో తగ్గాయి. భావం గడి దగ్గర మాత్రం తెలుగు టీచరు పట్టుబట్టారు. ఆ బొమ్మ చూస్తే ఆవిడకి గొంతు పట్టేసిందట. లెక్కల సారు ఒప్పుకోలేదు. ఆయన మాట ఇక్కడ రాయాలి, ఎందుకంటే ఆ మాటలో బలం ఉంది: “కళ్లు చెమర్చినందుకు మార్కులు వేస్తే, వచ్చే ఏడాది అందరూ ఏడిపించే బొమ్మలే వేస్తారు.” కలాం బొమ్మకి మొదటి బహుమతి వచ్చింది. తెలుగు టీచరు సంతకం పెట్టారు గానీ, మాటా మాటా పెరిగి ఇద్దరికీ మనసు కష్టమైంది. ప్రైజులు మార్చమని నన్నెవరూ అడగలేదు. వచ్చేసారి ఇంత టెన్షన్ లేకుండా చూడమని అడిగారు.

ఈ గొడవ కొత్తది కాదు. విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రంలో దీని మీదే ఒక శ్లోకం ఉంది. ఆచార్యులు రేఖని మెచ్చుకుంటారట, విచక్షణులు వర్తనని, అంటే వెలుగునీడల్ని మెచ్చుకుంటారట, స్త్రీలకు నగలు కావాలట, మిగతా జనానికి రంగుల దండితనం కావాలట. ఒకే గోడ ముందు నలుగురు నిలబడి నాలుగు బొమ్మలు చూస్తారని ఆ కాలంలోనే గమనించిన మనిషికి దణ్ణం పెట్టాలి. స్త్రీల గురించిన మాటని మాత్రం నేను ఒప్పుకోను. నా బృందాల్లో నగల గురించి, పట్టుచీర అంచుల గురించి ఎక్కువ మాట్లాడేది మగవాళ్లే.

ముసుగు రెబెక్కా ముందు

మొదటి విడత పని హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో పెట్టుకున్నాం. పిల్లల బొమ్మల జోలికి వెంటనే వెళితే పాత గొడవే తిరగబడుతుంది. అందుకే ఎవరికీ పంతం లేని వస్తువులతో మొదలుపెట్టాను.

అక్కడ జనం గుమిగూడే చోట్లు రెండు. ఒకటి గంట కొట్టే బొమ్మ బయటికొచ్చే మ్యూజికల్ క్లాక్, రెండోది ముసుగు రెబెక్కా. ఈ పాలరాతి శిల్పం ఇటలీకి చెందిన జొవాన్నీ మారియా బెంజోనీది. మొదటి సాలార్‌జంగ్ 1876 యూరప్ ప్రయాణంలో కొన్నాడు. తల కొద్దిగా వంచిన అమ్మాయి, ముఖం మీద పల్చటి మేలిముసుగు, ఆ ముసుగులోంచి కనబడే ముక్కూ పెదవులూ. అన్నీ ఒకే రాయి.

అమెరికాలో జెఫ్రీ స్మిత్, లీసా స్మిత్ అనే ఇద్దరు పరిశోధకులు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో, ఒక్కో కళాఖండం ముందు మనుషులు ఎంతసేపు ఆగుతున్నారో లెక్కకట్టి 2001లో ప్రచురించారు. సగటు 27.2 సెకన్లు. అది కూడా కొందరు ఎక్కువసేపు నిలబడడం వల్ల పెరిగిన సగటు. వరసలో నడిమి మనిషిని తీసుకుంటే 17 సెకన్లే. రెబెక్కా దగ్గర మనవాళ్లు ఇంతకన్నా ఎక్కువ ఆగుతారు, కానీ ఫోటో కోసం. అందుకని బృందాన్ని ఫోన్లు లోపల పెట్టమన్నాను. అందరూ ఒక మాట చెప్పాక, ప్రతి మాటకీ నేను ఒకే ప్రశ్న వేస్తానని ముందే చెప్పాను: “ఎక్కడ? చూపించండి.”

మొదట వచ్చినవన్నీ మీరు ఊహించగలిగిన మాటలే. నిజంగా గుడ్డ కప్పినట్టే ఉంది, రాయంటే నమ్మలేం, ఎన్నేళ్లు చెక్కాడో పాపం. అన్నీ నైపుణ్యం గడిలో పడేవి. ఆవిడ ఎవరని ఒక్కరూ అడగలేదు. నేనే అడిగితే పెళ్లికూతురని ఒకరు, స్నానం చేసి వచ్చిన అమ్మాయని ఒకరు అన్నారు. అప్పుడు బైబిలు ఆదికాండంలోని కథ చెప్పాను. ఇస్సాకుకి పెళ్లి చేయడానికి దూరదేశం నుంచి రెబెక్కాని తీసుకొస్తారు. సాయంత్రం పొలంలో ఎదురొస్తున్నవాణ్ని చూసి ఆమె ఒంటె దిగుతుంది, అతనే తనకు కాబోయే భర్త అని తెలియగానే ముసుగు కప్పుకుంటుంది. ఈ శిల్పంలో ఉన్నది ఆ క్షణం.

“అయితే ఇది పెళ్లిచూపుల బొమ్మ” అన్నారు సోషల్ సారు. ఆ ఒక్క మాటతో అందరి చూపూ ముసుగు మీద నుంచి వంచిన మెడ మీదకి వెళ్లింది. అంతకుముందు ఆ మెడ గురించి ఎవరూ మాట్లాడలేదు. విషయం తెలిస్తే చాలదని, విషయం చూసి మెచ్చుకునేవాళ్లకి కళ తెలియదని కళల వాళ్లు చులకనగా మాట్లాడుతుంటారు. నేను ఒప్పుకోను. కథ తెలిశాకే ఆ మెడ వంపు సిగ్గుగా కనిపించింది. విషయం చూపుని ఒక చోటికి నడిపిస్తుంది. అక్కడికి వెళ్లాక ఏం చూస్తామన్నది వేరే సంగతి.

తర్వాత నేను చెప్పిన రెండో సమాచారం గాలి మార్చేసింది. ఈ రెబెక్కా ఒక్కతే కాదు. బెంజోనీకి రోములో పెద్ద వర్క్‌షాపు ఉండేది, చేతికింద చాలామంది పనివాళ్లు ఉండేవాళ్లు. ఇదే శిల్పాన్ని అక్కడ ఒకటికి మించి చెక్కారు. అమెరికాలో అట్లాంటా హై మ్యూజియంలో ఒకటి ఉంది, డెట్రాయిట్‌లో ఒకటి ఉంది. ఆ కాలంలో రోము శిల్పుల పద్ధతే అది: ముందు మట్టితో నమూనా, దాన్నుంచి ప్లాస్టర్ అచ్చు, ఆ అచ్చు మీద కొలతలు తీసి రాయిలోకి దించడం. రాయి మీద ఉలి పెట్టిన చేతుల్లో చాలా భాగం పనివాళ్లవి.

కూతురు అట్లాంటాలో ఉంటుందన్న ఒక సారుకి ఇది సంతోషం కలిగించింది, ఈసారి వెళ్లినప్పుడు చూస్తానన్నారు. మిగతావాళ్ల ముఖాలు వాడిపోయాయి. ఒకాయన “అంటే డూప్లికేటా?” అన్నారు. రాయి అదే, ముసుగు అదే. అయినా ఆవిడ విలువ పడిపోయింది. మార్కుల గొడవకి ఇక్కడ నాకొక తాళంచెవి దొరికింది. మనం నైపుణ్యం గడిలో వేసే మార్కుల్లో అన్నీ నైపుణ్యానివి కావు. కొన్ని ఆశ్చర్యానివి, ఇది రాయా గుడ్డా అని కన్ను మోసపోయినందుకు. కొన్ని అరుదైనదన్న నమ్మకానివి. కొన్ని ‘పాపం ఎంత కష్టపడ్డాడో’ అన్న జాలివి. కలాం బొమ్మకి పడిన మార్కుల్లోనూ ఈ నాలుగూ కలిసే ఉన్నాయని బృందంలో ఒకరు తమంతట తామే అన్నారు.

నైపుణ్యాన్ని విడిగా పట్టుకోవాలంటే “ఎక్కడ?” అని అడగాలి. గుడ్డ పల్చగా ఉంది, సరే, ఎక్కడ పల్చగా ఉంది? వెతికారు. ముక్కు దూలం మీద, బుగ్గ ఎముక మీద గుడ్డ ఒంటికి తగిలే చోట ముడత దాదాపు కనబడదు. ఒంటి నుంచి దూరంగా వేలాడే చోట ముడత లోతుగా, అంచు పదునుగా ఉంటుంది. ముఖం గీతల్ని మెత్తగా వదిలేసి, వాటి మీదుగా ముడతల గీతల్ని ఆపకుండా నడిపాడు. కంటికి అందే నీడల లోతులో తేడా అంతే. రాయి పారదర్శకం కాలేదు, మన కన్నే రెండు పొరలు ఉన్నాయని ఒప్పుకుంది. ఇది తెలిశాక ఆ ‘డూప్లికేటా’ అన్నాయన మళ్లీ దగ్గరికి వెళ్లి చాలాసేపు చూశారు.

ఇదే విద్యకి ఇంకో ఉదాహరణ కూడా చూపించాను, పెద్ద ప్రింటు రూపంలో. ఇటలీ నేపుల్స్‌లోని సాన్‌సెవెరో చాపెల్‌లో, అంటే ఒక చిన్న ప్రార్థనా మందిరంలో, జుసెప్పె సాన్‌మార్తీనో 1753లో చెక్కిన ముసుగు క్రీస్తు. పడుకోబెట్టిన శవం మీద పల్చటి గుడ్డ. అది ఎంత నమ్మకంగా ఉందంటే, ఆ చాపెల్ యజమాని రైమోండో ది సాంగ్రో రసవాదంతో నిజం గుడ్డనే రాయిగా మార్చాడని జనం చెప్పుకునేవాళ్లు. రెబెక్కా ముసుగు ఎంత అందమైనదో ఇదీ అంతే అందమైనది. కానీ ఇక్కడ గుడ్డ కింద నుదుటి మీద ఉబ్బిన నరం కనిపిస్తుంది, చేతుల మీద మేకుల గాయాలు కనిపిస్తాయి. గుడ్డ ఎంత తేలికైనదైతే దాని కింద శరీరం అంత బరువుగా అనిపిస్తుంది. రెబెక్కా ముసుగు దగ్గర కన్ను ముసుగు మీదే ఆగుతుంది. క్రీస్తు ముసుగు కన్నుని కిందికి దింపుతుంది. నా తీర్పు అడిగితే రెండోదే గొప్పది, ఎందుకంటే అక్కడ పనితనం తనని తాను చూపించుకోవడంతో ఆగలేదు. లెక్కల సారు మాత్రం “కథ విషాదం కాబట్టి మీకు అలా అనిపిస్తోంది” అన్నారు. ఆ అనుమానాన్ని నేను పక్కన పెట్టలేదు. దానికి జవాబు ఇవ్వడానికే తర్వాతి బొమ్మలు ఎంచుకున్నాను.

పోలిక లేని పనితనం

దాని కన్నా ముందు ఇంకో ముడి విప్పాల్సి వచ్చింది. బృందంలో అందరికీ నైపుణ్యమంటే పోలిక. అచ్చం అలాగే ఉంటే బాగా వేసినట్టు. మరి తెలంగాణలోని చేర్యాలలో వేసే కథల పటం ముందు ఏం అంటారు?

చేర్యాల నకాషీ పటం నమూనా ఒకటి గదిలో పరిచాను. ఎర్రటి నేల, పసుపు, నీలం, బలమైన నల్లగీత. ఖాదీ గుడ్డకి సుద్దమట్టి, చింతగింజల అంబలి పట్టించి, ఆరాక వేసే బొమ్మలు ఇవి. గోడకి తగిలించుకునే అలంకారం కోసం పుట్టినవి కావు. పద్మశాలీలకి మార్కండేయ పురాణం చెప్పే కూనపులివాళ్లు, మాదిగలకి జాంబ పురాణం చెప్పే డక్కలివాళ్లు కథ నడుపుతూ పటాన్ని గజాల కొద్దీ కిందికి విప్పేవాళ్లు. చీకట్లో, దూరంగా కూర్చున్నవాళ్లకి కూడా ఎవరు ఎవరో తెలియాలి.

“పిల్లలు వేసినట్టుంది” అన్నది మొదటి మాట. కుంచెలు ఇచ్చి, ఒక ఆడమనిషి భుజం నుంచి నడుము దాకా వచ్చే గీతని చెయ్యెత్తకుండా, ఒకే లావుతో లాగి చూడమన్నాను. ఎవరి వల్లా కాలేదు. గీత వణికింది, మధ్యలో సన్నబడింది, నడుము దగ్గర ఇంకు చిక్కిపోయింది. ఆ తర్వాత పటం వైపు చూసిన చూపు వేరు. పక్కపక్క గడుల్లో కథ ఎటు నుంచి ఎటు నడుస్తోందో, కొత్త సన్నివేశం మొదలైనట్టు కన్నుకి ఎలా తెలుస్తోందో వాళ్లే వెతుక్కున్నారు. పూలతీగ పట్టీ ఒకటి గడిని గడి నుంచి వేరు చేస్తోందని ఇంగ్లిష్ టీచరు కనిపెట్టారు.

నైపుణ్యం ఎంత అని అడిగే ముందు, ఏం చేయడానికి నైపుణ్యం అని అడగాలన్నది ఇక్కడ తేలింది. ఈ ఒక్క ప్రశ్న పెడితే వంటింటి బొమ్మలో తెగిపోయిన తల గురించి కూడా వేరేగా మాట్లాడుకోవచ్చు. ఆ సంగతి వాళ్లకే తట్టాలని నేను అప్పుడు ఏమీ అనలేదు.

కోల్విట్జ్ బొమ్మ, తారీఖు

భావం అనే గడికి నేను పెట్టుకున్న బొమ్మ జర్మనీకి చెందిన చిత్రకారిణి కేథే కోల్విట్జ్ ఎచింగ్, అంటే లోహపు రేకు మీద గీతలు గీసి, యాసిడ్‌తో తినిపించి, కాగితం మీద అచ్చు తీసిన బొమ్మ. చనిపోయిన బిడ్డని ఒళ్లో వేసుకున్న తల్లి. ఒంటి మీద బట్టలు లేవు. కాళ్లు మడిచి కూర్చుని, బిడ్డ ఛాతీలో ముఖం దూర్చేసింది. బిడ్డ తల వెనక్కి వాలిపోయింది.

గదిలో ఎవరూ కాసేపు మాట్లాడలేదు. తర్వాత తెలుగు టీచరు, “ఇది వేసినావిడకి బిడ్డ పోయి ఉండాలి. అనుభవిస్తే తప్ప ఇలా రాదు” అన్నారు. అందరూ తలూపారు. ఆవిడ కొడుకు పేటర్ మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయాడని నేను చెప్పాను. “చూశారా” అన్నట్టు ఒకరినొకరు చూసుకున్నారు.

అప్పుడు తారీఖులు చెప్పాను. పేటర్ చనిపోయింది 1914 అక్టోబరులో, బెల్జియంలో. ఈ ఎచింగ్ 1903 నాటిది. అప్పటికి ఆ పిల్లాడికి ఏడేళ్లు. బతికే ఉన్నాడు. అంతేకాదు, ఈ బొమ్మకి మోడల్ వాడే. కోల్విట్జ్ అద్దం ముందు కూర్చుని, వాణ్ని ఒళ్లో పట్టుకుని, అద్దంలో కనబడేది చూసి గీసింది. ఆ భంగిమలో ఉండి గీయడం ఒంటికి కష్టమై మూలిగిందట. అప్పుడు ఒళ్లోని పిల్లాడు, ఊరుకో అమ్మా, బొమ్మ చాలా బాగా వస్తుందిలే అన్నట్టు ఓదార్చాడని తర్వాత ఆవిడే రాసుకుంది.

ఈ కేసు మొత్తంలో నాకు ముఖ్యమైనది ఆ తర్వాత జరిగిన చర్చ. అప్పటిదాకా అందరి నమ్మకం ఒకటే: లోతైన భావం అనుభవం నుంచి వస్తుంది, పనితనం చేతి నుంచి వస్తుంది, అందుకే వాటికి వేరు వేరు మార్కులు. ఇక్కడేమో బిడ్డ పోకముందే ఆ దుఃఖం కాగితం మీదకి వచ్చేసింది. మరి ఎక్కడి నుంచి వచ్చింది? కోల్విట్జ్ భర్త బెర్లిన్‌లో పేద కార్మికుల పేటలో డాక్టరు. బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లుల్ని ఆవిడ దగ్గర నుంచి చూసింది. అది ఒక భాగం. మిగతాది ఎక్కడుందో బొమ్మలో చూపించమన్నాను.

చూపించారు. తల్లి ముక్కు, నోరు బిడ్డ ఛాతీలోకి ఎంతగా దిగిపోయాయంటే, ఆ ముఖంలో ఏడుపు కనబడడానికి చోటే లేదు. కన్నీటి చుక్క లేదు. మోకాలు, పాదం పెద్దవిగా, మొరటుగా ఉన్నాయి. బిడ్డ ముఖం మాత్రం సన్నటి గీతలతో తేలిగ్గా వేసింది. తల్లి ఒంటి మీద గీతలు దట్టంగా ఉన్నాయి. ఆ బరువు, ఆ తేలిక పక్కపక్కన పడడం వల్లే గుండె పట్టేస్తోందని డ్రాయింగ్ టీచరు అన్నారు. అంటే భావాన్ని చూపించమంటే వాళ్ల వేలు వెళ్లింది గీతల మీదకే.

తెలుగు టీచరు ఇక్కడ తన విద్య బయటికి తీశారు. “మేము క్లాసులో చెప్పేది ఇదే కదండీ. విభావానుభావ వ్యభిచారి సంయోగాద్రసనిష్పత్తిః. రసం ఊరికే పుట్టదు. ఏది చూపించాలో, ఏది దాచాలో కూర్చితేనే పుడుతుంది. పద్యానికి ఒప్పుకున్నది బొమ్మకి ఎందుకు మర్చిపోయామో.” నాట్యశాస్త్రంలోని ఈ భరతుడి సూత్రం పరీక్షల కోసం బట్టీపట్టిన తరం మనది. ఒక జర్మన్ ఎచింగ్ ముందు ఆ సూత్రం అంత సరిగ్గా అతికిన సందర్భం నేను ఇంకోటి చూడలేదు.

లెక్కల సారు అనుమానానికి కూడా కోల్విట్జే జవాబు ఇచ్చింది. నిజంగా కొడుకు పోయాక ఆవిడ ఒక స్మారకం మొదలుపెట్టింది. అది పూర్తయి సమాధుల దగ్గర నిలబడింది 1932లో. మోకాళ్ల మీద కూర్చున్న తండ్రి, తల్లి, విడివిడిగా రెండు రాళ్లు. ఒకరినొకరు పట్టుకోరు. ఎవరి చేతులు వాళ్లే ఒంటికి బిగించుకుని ఉంటారు. తండ్రి నిటారుగా ముందుకి చూస్తుంటాడు, తల్లి ముందుకి వంగిపోయి ఉంటుంది. 1903 ఎచింగ్‌లో ఉన్న ఉప్పెన ఇందులో లేదు. సొంత దుఃఖం వచ్చాక, అన్నేళ్లు దానితో కుస్తీపట్టాక, ఆవిడ ఎంచుకున్నది అంత తక్కువ కదలిక. ఏడిపించే విషయం ఉంటే చాలు బొమ్మ గొప్పదైపోతుందనే మాట ఇక్కడ నిలబడదు. రెండూ బిడ్డ పోయిన విషయమే. రెండింటి పనితనం వేరు, అందుకే రెండింటి లోతు వేరు రకం. సారు వెంటనే ఒప్పుకోలేదు గానీ, స్మారకం ఫోటోని తన ఫోన్‌కి పంపమని అడిగారు.

రవివర్మ లక్ష్మి బొమ్మ కూడా తెచ్చాను గానీ, దాని దగ్గర ఎక్కువసేపు ఆగలేదు. 1894లో ఆయన బొంబాయిలో ప్రెస్సు పెట్టాక ఆ దేవతలు దేశమంతా ఇళ్లలోకి వచ్చేశారు. మనకి లక్ష్మి అంటే మనసులో మెదిలే రూపం చాలావరకు ఆ ప్రింట్లదే. బృందంలో ఇద్దరు ముగ్గురు అలవాటుగా చేతులు జోడించారు. పూజగదిలో పెట్టుకునే బొమ్మని మార్కులతో కొలవమనడం సరికాదనిపించి ముందుకు వెళ్లిపోయాను.

మళ్లీ ఆ రెండు బొమ్మలు

చివరి విడతలో కలాం బొమ్మ, వంటింటి బొమ్మ బల్ల మీద పెట్టాం. మార్కులు లేవు. ప్రతి మాటకీ “ఎక్కడ?” అన్న ప్రశ్న ఒక్కటే.

కలాం బొమ్మలో ఎవరూ ఎదురుచూడనిది బయటపడింది. ముఖం మొత్తం ఫోటోలోంచి వచ్చింది. వెలుగు ఎడమ నుంచి పడుతోంది, నీడలు దానికి తగ్గట్టే ఉన్నాయి. కానీ కోటు కాలరు దగ్గర, ఫోటో అంచు అయిపోయినట్టుంది, అబ్బాయి సొంతంగా వేశాడు. కాలరు మడత, కింద గుండీ దగ్గర గుడ్డ లాగినట్టు పడిన ముడత. ఆ ముడత ఎదురుగా ఎవరినో కూర్చోబెట్టుకుని చూసి వేసినట్టుంది. గళ్ల లెక్కతో వేసిన ముఖం కన్నా ఆ గుండీ దగ్గరే అబ్బాయి కన్ను ఎక్కువ కనబడుతోందని డ్రాయింగ్ టీచరు అన్నారు. అప్పటిదాకా ఆ బొమ్మని ‘కాపీ’ అని తీసిపారేసిన తెలుగు టీచరు, ఆ పిల్లాడికి ఎదుట మనిషిని కూర్చోబెట్టి వేయించాలన్నారు. నాకు ఇది చాలా నచ్చింది. అమ్మ బొమ్మని గెలిపించడానికి కలాం బొమ్మని ఓడించాల్సిన పని లేదు. ఆ అబ్బాయికి ఏం నేర్పాలో మొదటిసారి తెలిసింది. ‘నైపుణ్యం: నిండు మార్కులు’ అని రాసిన కాగితం అది చెప్పలేకపోయింది.

వంటింటి బొమ్మ దగ్గర చర్చ చాలాసేపు నడిచింది. తల తెగిపోవడం తప్పా, ఎంపికా? కంచం అంత పెద్దగా, మనిషి పైకంటా వెళ్లిపోయేలా వేశారంటే, చూసేవాళ్లు నేల మీద కూర్చుని ఉండాలని సోషల్ సారు లెక్కకట్టారు. నేల మీద, కంచం ముందు కూర్చున్న పిల్ల కళ్లకి నిలబడ్డ అమ్మ అలాగే కనబడుతుంది. అప్పుడు తల తెగడంలో అర్థం ఉంది. లెక్కల సారు దీనికి ఎదురు చెప్పారు: గట్టు, పొయ్యి మాత్రం నిలబడి చూసినట్టు వేసి ఉన్నాయి, గిన్నెల లోపలి భాగం కనబడుతోంది, కింద కూర్చున్నవాళ్లకి అది కనబడదు. ఆయన చెప్పింది నూటికి నూరు శాతం నిజం. బొమ్మలో రెండు చూపులు కలిసిపోయాయి. అది పిల్ల లోపమా, లేక పిల్లలు తెలిసినదంతా వేస్తారు కాబట్టి అలా వచ్చిందా అన్నది తేలలేదు. ఆ అమ్మాయిని అడగాలని ఒకరన్నారు, అడిగితే మనం వినాలనుకున్నదే చెబుతుందని ఇంకొకరన్నారు. నేను రెండో మాట వైపే ఉన్నాను. కాగితం మీద ఉన్నదాన్ని బట్టే చెప్పాలి.

ఒక్క సంగతి మాత్రం మారింది. మొదటి గొడవలో తెలుగు టీచరు చెప్పింది “గొంతు పట్టేసింది” అని, లెక్కల సారు చెప్పింది “అది కొలత కాదు” అని. ఇద్దరి మాటలూ బొమ్మ బయటే ఉండిపోయాయి. ఇప్పుడు ఇద్దరూ ఒకే గిన్నె మీద వేలు పెట్టి వాదించుకుంటున్నారు. ఇద్దరూ ఇప్పటికీ ఏకీభవించలేదు. నాకు అది కావాలని కూడా లేదు. ఏది మొదటిదో అందరూ ఒకటే చెబితే ముగ్గురు న్యాయనిర్ణేతలు దేనికి?

కొందరిలో ఏమీ మారలేదన్నది కూడా రాయాలి. దేశనాయకుల బొమ్మకి ఒక మార్కైనా ఎక్కువ వేయాలని ఒక టీచరు చివరిదాకా అన్నారు. ఆయన దృష్టిలో పోటీ పెట్టేదే పిల్లలు మంచివాళ్ల ముఖాలు గీస్తూ మంచివాళ్లు కావాలని. అది కళ గురించిన తీర్పు కాదు, పోటీ ఎందుకన్న దాని మీద తీర్పు. అలాంటప్పుడు అంశం ఇచ్చే దగ్గరే ఆ సంగతి తేల్చుకోవాలని చెప్పాను. అంశం అందరికీ ఒకటే ఇచ్చి, లోపల ఏ మనిషిని ఎంచుకున్నారన్నదానికి మార్కులు వేస్తే, మనం తూకం వేసేది పిల్లల ఇంటి వాతావరణాన్ని.

కొత్త కాగితం

మేము కలిసి తయారుచేసిన కాగితంలో విషయం గడి లేదు. అంశానికి సంబంధించినదా కాదా అన్నదానికి అవును, కాదు అని టిక్కు మాత్రమే. నైపుణ్యం, భావం విడివిడిగా లేవు. వాటి స్థానంలో రెండు ఖాళీ వరసలు ఉన్నాయి. మొదటి వరసలో, బొమ్మలో మిమ్మల్ని ఆపిన చోటు ఏది, అక్కడ ఏం చేశారు అని రాయాలి. రెండో వరసలో, ఈ పిల్లకి లేదా పిల్లాడికి తర్వాత ఏం నేర్పాలి అని రాయాలి. మార్కు ఒక్కటే, మొదటి వరస రాశాకే వేయాలి. “బాగుంది”, “హృదయానికి హత్తుకుంది”, “అద్భుతం” లాంటి మాటలు ఒక్కటే రాస్తే ఆ కాగితం చెల్లదని అందరూ ఒప్పుకున్నారు. ఈ షరతు పెట్టమన్నది లెక్కల సారే.

దీనికి వచ్చిన గట్టి అభ్యంతరం టైము గురించి. మండల స్థాయిలో బొమ్మలు కట్టలు కట్టలుగా వస్తాయి, మధ్యాహ్నం భోజనాల తర్వాత మొదలుపెట్టి సాయంత్రం బహుమతుల సభకి పేర్లు ఇచ్చేయాలి. ప్రతి బొమ్మకీ వరసలు రాస్తూ కూర్చుంటే అవదు. అందుకని మొదటి దశలో అందరూ బొమ్మలు వేగంగా చూసి, మాట్లాడుకోకుండా, తమకి కావలసినవి పక్కకి తీస్తారు. ఏ ఒక్కరు తీసినా ఆ బొమ్మ రెండో దశకి వెళుతుంది. కాగితం రాయాల్సింది రెండో దశలోనే. వంటింటి బొమ్మలాంటిది ఒక్కరి కంటికే ఆనితే, మిగతావాళ్ల మౌనం కింద పడి పోకుండా ఉండడానికి ఈ ఏర్పాటు. బహుమతుల సభని అదే రోజు సాయంత్రం కాకుండా ఇంకో రోజు పెట్టుకుంటే ఇంకా మేలని నిర్వాహకులకి రాసిచ్చాను. అతిథుల వీలుని బట్టి చూస్తామన్నారు. రెండో వరసలో రాసినవి మాత్రం పిల్లల డ్రాయింగ్ టీచర్లకి పంపించడం మొదలైంది. డ్రాయింగ్ టీచరు లేని బడులకి ఆ కాగితాలు క్లాస్ టీచర్ల చేతికి వెళుతున్నాయి.